సైలెన్సరక్క నోరు మూసుకున్న నెల

ఆ వీధిలో అందరికంటే పెద్ద నోరు ఎవరిదని అడిగి చూడండి. పాలప్యాకెట్లు వేసే మనిషి దగ్గర్నుంచి మూల మీది ఇస్త్రీ ఆయన దాకా అందరూ ఒకే వైపు చెయ్యి చూపిస్తారు. ఆ చెయ్యి చూపించిన చోట ఒక మేడ, మేడ కింద ఒక గది, గది ముందు రేకుల చూరు, చూరుకు వేలాడే పాత సైలెన్సర్లు ఉంటాయి. వాటి కింద పీట మీద కూర్చుని ఏ మోటారు సైకిలునో చెడామడా చివాట్లు పెడుతున్నావిడే మన సైలెన్సరక్క. బళ్ళ చప్పుడు తగ్గించే పని చేసే మనిషికి ఆ పేరు రావడంలో వింతేం లేదు. కానీ ఆ పేరు పెట్టిన మహానుభావుడెవరో, పెట్టి చాటుకు వెళ్ళి కడుపుబ్బ నవ్వుకుని ఉంటాడు.

నోట్లో నువ్వుగింజ నానదు అంటారు చూశారూ, అక్క నోట్లో అసలు ఆ గింజ పెట్టడానికే చోటుండదు, మాటలు ఖాళీ చేస్తే కదా! అక్క "టీ పంపించవయ్యా" అంటే పక్క వీధి టీ కొట్టాయన కూడా గ్లాసు కడిగేస్తాడు. అరిచి అరిచి ఎప్పుడైనా గొంతు పోతుందేమోనని ఆశపడ్డ వాళ్ళున్నారు గానీ, వాళ్ళ ఆశే అడియాసైంది. అక్క మొగుడు సిటీ బస్సు డ్రైవరు. ఆయన నోటి నుంచి రోజుకు నాలుగు మాటలొస్తే అందులో మూడు "ఊ"లే. మీ ఇద్దరికీ జత ఎలా కుదిరిందని ఎవరైనా అడిగితే, "ఇద్దరమూ మాట్లాడితే వినేదెవరూ?" అంటుంది అక్క. ఆయన్ని అడిగితే "ఊ" అంటాడు.

అక్క తండ్రి గొట్టాలకు అతుకులు వేసే పనివాడు. చిన్నప్పుడు ఆయన పక్కన కూర్చుని అతుకు ఎక్కడ కారుతుందో చెప్పడంతో మొదలైన చదువు, సైలెన్సర్ల దగ్గరికొచ్చి ఆగింది. అందులోనూ అక్కకు పేరు తెచ్చింది ఒక ప్రత్యేకమైన పని. పట్టేసిన వాల్వు వదిలించడం.

అదేంటో రెండు ముక్కల్లో చెప్పేస్తే సరి. పెద్ద బళ్ళలో కొన్నిటికి సైలెన్సరు గొట్టంలో ఒక చిన్న రేకు తలుపు ఉంటుంది. బండి మెల్లగా పోతుంటే సగం మూసుకుంటుంది, జోరందుకుంటే తెరుచుకుంటుంది. సీటు కింద ఉండే అరచేతంత మోటారు ఒకటి రెండు కేబుళ్ళతో దాన్ని లాగుతుంటుంది. తాళం తిప్పగానే "జీఁ" మని ఒకసారి తెరిచి, మూసి, అంతా బాగానే ఉందని చూసుకుంటుంది. అలాంటి బండిని నెలల తరబడి వానకు వదిలేశామా, మసీ తుప్పూ ఏకమై ఆ తలుపు ఇరుసును పట్టేసుకుంటాయి. మోటారు లాగలేక మూలుగుతుంది, ముందున్న మీటర్లో పసుపు దీపం వెలుగుతుంది, బండికి ఊపిరాడదు. తొందరపడి సుత్తి తీశామా, ఇరుసు వంగుతుంది, బోల్టులు తెగుతాయి, మొత్తం గొట్టం తీసి అవతల పారేయాలి. చాలామంది మెకానిక్కులు చేసేది అదే.

అక్క సుత్తి ముట్టదు. ఇరుసుకు రెండు పక్కలా, బోల్టుల మొదట్లో తుప్పు వదిలించే నూనె చుక్కలు వేస్తుంది. చిన్న మంట చూపిస్తుంది. మళ్ళీ నూనె వేస్తుంది. ఆ తర్వాత పానా కింద పెట్టేసి, పీట కాస్త వెనక్కి జరుపుకుని, తిట్టడం మొదలుపెడుతుంది.

ఆ తిట్టుకో వరస ఉంది. ముందు వాల్వును తిడుతుంది. "ఏమే తుప్పుమొహమా, కదలవేం? నీకేం పని చెప్పారే, కొండలు మొయ్యమన్నారా? తలుపు తెరిచి మూయడానికి ఇంత బద్ధకమా!" అంటుంది. తర్వాత దాన్ని వానలో వదిలేసిన మనిషి మీదికి వెళ్తుంది. ఆయన పక్కనే నిలబడి ఉన్నా మొహమాటమేం లేదు. ఆ తర్వాత ఆయనకు బండి కొనిచ్చినవాళ్ళు, ఆయన తెలివితేటలు, ఆయన జుట్టు. అందరినీ ఒక చుట్టు చుట్టి మళ్ళీ వాల్వు దగ్గరికొచ్చి, గొంతు మెత్తబరచి, "ఇంక చాల్లే, లే తల్లీ" అంటుంది. అప్పుడు పానా పెడితే, ఏమాటకామాటే చెప్పుకోవాలి, బోల్టు వెన్నలో వేలు తిప్పినట్టు తిరిగేది. బండి తెచ్చినవాళ్ళంతా వాల్వు సిగ్గుపడి వదులయిందని నమ్మేవాళ్ళు. ఒట్టేసి చెప్పమంటే అక్కా అదే నమ్మేదేమో.

ఇక మేడ మీద మామ్మగారి సంగతి. ఆవిడ పెళ్ళయిన నాటి నుంచీ రిటైరయ్యేదాకా లైబ్రరీలో పనిచేశారు. ఎవరైనా నోరు తెరవబోతే చాలు, ఆవిడ వేలు పెదవి మీదికి వెళ్ళిపోతుంది. ఇంట్లో తలుపుల సందుల్లో గుడ్డ మడతలు పెడతారు, పడితే చప్పుడవుతాయని. కాఫీలో పంచదార కూడా చెంచా తగలకుండా కలుపుతారని ఆవిడ కోడలు చెబుతుంది. అలాంటి మనిషి తన మేడ కింద గదిని అక్కకెలా ఇచ్చారయ్యా అంటే, ఇచ్చింది ఆవిడ కాదు, పోయిన తాతగారు. ఆయన చెవులు అప్పటికే సెలవు పెట్టేశాయి. "పాపం, నెమ్మదైన పిల్లలా ఉంది" అని తాళం చేతిలో పెట్టారట! ఆయన మాట మీద గౌరవంతో మామ్మగారు ఇన్నాళ్ళూ పళ్ళు బిగపట్టుకుని ఊరుకున్నారు.

కోడలు మాత్రం వేరే బాపతు. కడుపుతో ఉన్నన్నాళ్ళూ మెట్ల మలుపులో కుర్చీ వేసుకుని కూర్చునేది. మొగుడేమో పొద్దున పనికెళ్ళి సాయంత్రానికి గానీ రాడు, అత్తగారేమో పుస్తకం లోంచి తల ఎత్తరు. కింద అక్క తిడుతుంటే పైన ఈ పిల్ల పొట్ట పట్టుకుని నవ్వేది. "ఆ తిట్లు వినకమ్మా, లోపలికి రా" అని మామ్మగారు పిలిస్తే, "ఇక్కడ గాలి బాగుందత్తయ్యా" అనేది. గాలేమిటి, బూడిద! ఆ మలుపులో గాలాడదు, మసి వాసన తప్ప.

అలా రోజులు గడుస్తుండగా మనవరాలు పుట్టింది. ఆసుపత్రి నుంచి ఇంటికి తెచ్చిన పూటే మామ్మగారు మెట్లు దిగి అక్క ముందు నిలబడ్డారు. మామ్మగారు కిందికి దిగడమే ఒక వింత.

"చూడమ్మాయ్, ఇంట్లో పసిగుడ్డు ఉంది. చీమ చిటుక్కుమన్నా ఉలిక్కిపడుతుంది. ఇకమీదట ఇక్కడ బండి స్టార్టు కాకూడదు. నీ నోరూ స్టార్టు కాకూడదు."

"అదేంటి మామ్మగారూ, నేనేమన్నా..."

"ఇదిగో, ఇదే. ఈ గొంతే నేను చెప్పేది. నెలాఖరు దాకా చూస్తాను. నీ వల్ల కాదంటే గది ఖాళీ చెయ్యి. మూల మీద ఇస్త్రీ ఆయన అడుగుతున్నాడు. ఆయన ఇస్త్రీపెట్టె నోరెత్తదు."

గది వదలడం అక్క వల్ల కాదు. వేరేచోట గది దొరక్క కాదు. ఆ నేల మీద నూనె మరకలు ఏ బండివో తను కళ్ళు మూసుకుని చెప్పగలదు. గొట్టాలు కదలకుండా పట్టి ఉంచే తండ్రి నాటి వైసు ఆ గోడకే బిగించి ఉంది. ఆ చూరు కింద కూర్చుంటే తప్ప చేతికి పని తోచదు ఆ మనిషికి. పైగా తాతగారు నమ్మి ఇచ్చిన తాళం. అందుకే నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని, తల ఊపింది.

మర్నాటి నుంచి చూడాలి తమాషా! బళ్ళన్నీ వీధి మూల దాకా తోసుకెళ్ళి అక్కడ స్టార్టు చేయడం, ఆపి మళ్ళీ తోసుకు రావడం. పానాలు గుడ్డలో చుట్టింది. పీట కాళ్ళకు పాత ట్యూబు ముక్కలు తొడిగింది. ఇక నోటి సంగతి. నోట్లో పిప్పరమెంటు పెట్టుకుంది, మాట వస్తే దానికి అడ్డం పడుతుందని. అక్క గుసగుస అంటే మామూలు మనుషులు పిలిచే పిలుపంత ఉంటుంది, అది వేరే సంగతి. అయినా పాపం, కక్కలేక మింగలేక, చేతి సైగలతో నెట్టుకొచ్చింది. బండి తెచ్చినవాళ్ళు భయపడిపోయారు. "అక్కకు మన మీద కోపమొచ్చింది" అని కొందరు, "ఒంట్లో బాగాలేదేమో" అని కొందరు. ఒకాయనైతే బండి రిపేరుకిచ్చి, తిట్టు పడలేదని అనుమానం వచ్చి, వేరే మెకానిక్కుకి చూపించుకున్నాడు.

ఇస్త్రీ ఆయన కూడా వచ్చాడు, చేతిలో కొలత టేపుతో. మంచివాడే, సిగ్గుతో చితికిపోతూ, "ఊరికే, బల్ల పడుతుందో లేదో అని..." అంటూ గది కొలుచుకున్నాడు. మామూలు రోజుల్లో అయితే ఆ టేపు ఆయన మెడకే చుట్టి పంపేది అక్క. ఆ రోజు పిప్పరమెంటు కొరుక్కుంటూ, టేపు అవతలి కొస తనే పట్టుకుంది.

ఇంత చేస్తే ఆ పసిపిల్ల హాయిగా పడుకుందా? రామరామ! ఇంటికి తెచ్చిన పూట మొదలుపెట్టిన ఏడుపు ఆపలేదు. పాలు తాగుతూ కాసేపు, అలసిపోయి కాసేపు ఊరుకోవడం, మళ్ళీ అందుకోవడం. డాక్టరమ్మ అన్నీ చూసి పిల్ల నిక్షేపంలా ఉందంది. మామ్మగారు ఊరుకుంటారా? ఆకురాయి గీకుడు వినబడుతోందన్నారు. ఆకురాయి ఆగింది. మూల మీద బళ్ళ చప్పుడు వస్తోందన్నారు. ఇంకో వీధికి తోసింది. ఇంకేం మిగల్లేదు కాబట్టి, "నీ నూనె వాసనకే ఏడుస్తోందేమో" అన్నారు. ఏమనాలి చెప్పండి ఇలాంటి మనిషిని? అక్కకు అనడానికి బోలెడుంది. అనలేదు.

రాత్రి భోజనాల దగ్గర మొగుడు కంచంలో వేళ్ళు ఆడిస్తూ కూర్చున్నాడు. అక్క ఇంట్లో కూడా మాట్లాడటం మానేసింది. ఇక్కడ అలవాటు తప్పితే అక్కడా తప్పుతుందని భయం. ఆయన చాలాసేపు చూసి, చూసి, "ఏదైనా అనవే. అన్నం దిగట్లేదు" అన్నాడు. పెళ్ళయ్యాక ఆయన అంత పొడుగు మాట్లాడటం అదే మొదలు. అక్కకు కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. కానీ మజ్జిగ గ్లాసు జరిపిందే తప్ప నోరు తెరవలేదు.

సరిగ్గా ఆ రోజుల్లోనే దిగబడ్డాడు జెరాక్సు కొట్టు కుర్రాడు. ఎవరి దగ్గరో పాత పెద్ద బండి కొన్నాడు. కొన్నాక చూసుకుంటే పసుపు దీపం ఆరదు, వాల్వు రాయిలా పట్టేసి ఉంది. వాడి చేతిలో మెరిసే కొత్త సైలెన్సరు ఒకటి, కంపెనీది కాదు, బయట కొన్నది, లోపల చప్పుడు తగ్గించే చిన్న గొట్టం ఒక్క మరతో నిలబడి ఉంటుంది.

"అక్కా, ఆ పాత వాల్వు తీసి పారేద్దాం. ఇది బిగించేయ్. వీడియోలో చూశాను, పులి గాండ్రించినట్టు ఉంటుంది" అన్నాడు.

అక్క గుసగుసగానే అంటించింది. "వాల్వు తీసేస్తే ఆ దీపం నీ జీవితాంతం వెలుగుతుందిరా. దాన్ని మోసం చేయడానికి ఇంకో వస్తువు కొంటావు. బాగయ్యేదాన్ని పారేస్తే అది రిపేరెలా అవుతుంది? ముందు వాల్వు వదిలిస్తాను. తర్వాత నీ పులిని దాని వెనక కట్టుకుందువు గాని. లోపలి గొట్టం మాత్రం తీశావో, నేను ఊరుకోను."

వాడు నవ్వి వెళ్ళిపోయాడు. అక్క కేబుళ్ళు విప్పింది, మూత బోల్టుల మొదట్లో నూనె వేసింది, మంట చూపింది, మళ్ళీ నూనె వేసింది, పీట వెనక్కి జరుపుకుంది. పైన పిల్ల ఏడుస్తోంది. ఇక్కడ తిట్టడానికి లేదు. సరే, మనసులో తిట్టుకుందామనుకుంది. వాల్వునూ, కుర్రాణ్ణీ, వాడికి బండి అంటగట్టినవాణ్ణీ వరసగా తిట్టుకుని, "లే తల్లీ" అనుకుని, పానా పెట్టి తిప్పింది.

టిక్కుమంది. బోల్టు తల పానాతో పాటు చేతిలోకి వచ్చింది. మొండెం లోపలే ఉండిపోయింది.

అక్క ఆ తల వంక చూస్తూ అలాగే కూర్చుండిపోయింది. తన చేతిలో బోల్టు తెగి ఎన్నేళ్ళయిందో గుర్తే లేదు. కాసేపటికి తట్టింది అసలు సంగతి. నోటితో తిడితే మధ్యలో ఊపిరి తీసుకోవాలి, తర్వాతి తిట్టు వెతుక్కోవాలి, ఎదుటివాడు ఏదో అంటే దానికీ జవాబివ్వాలి. ఆలోపు నూనె నెమ్మదిగా సందుల్లోకి దిగేది. మనసులో తిట్టుకుంటే చిటికెలో అయిపోతుంది! ఇన్నాళ్ళూ తన గడియారం తన నోరేనన్న మాట. అది తెలియగానే ముందు పక్కున నవ్వొచ్చింది. ఆ వెంటనే ఏడుపొచ్చింది. నోరు తెరిస్తే గది పోతుంది, మూస్తే పని పోతుంది. ముందు నుయ్యి వెనక గొయ్యి అంటే ఇదే. గడియారం పెట్టుకోవచ్చు కదా అంటారేమో. పెట్టుకుని చూసింది కూడా. ఆ ముల్లు వంక చూస్తూ కూర్చుంటే చేతికి పానా మీద నమ్మకం కుదరలేదు, అంతే.

మర్నాడు ఆ గొట్టాన్ని బండి నుంచి ఊడదీసి, గుడ్డలో చుట్టి, చంటిపిల్లను ఎత్తుకున్నట్టు ఒళ్ళో పెట్టుకుని మొగుడి బస్సెక్కింది. డిపోలో దిగింది. చుట్టూ బస్సులు, హారన్లు, బ్రేకుల కీచులాట. అక్కడ ఒక మూల నేల మీద కూర్చుని, తెగిన బోల్టును డ్రిల్లుతో తీయించి, మిగతావాటికి నూనె పోసి, పిప్పరమెంటు ఉమ్మేసి, ఎత్తుకుంది చూడండి రాగం! ఇన్నాళ్ళ బాకీ అంతా వడ్డీతో సహా తీరుస్తుంటే, టీ తాగుతున్న కండక్టర్లు గ్లాసులు పట్టుకుని చుట్టూ చేరారు. "ఎవర్నమ్మా అంతలా?" అని ఒకాయన అడిగితే ఆయనకూ రెండు వడ్డించింది. "ఇంక చాల్లే, లే తల్లీ" అనే పాటికి బోల్టులు వదిలాయి, ఇరుసు కొంచెం కొంచెంగా ఇటూ అటూ ఆడింది, చివరికి తలుపు బార్లా తెరుచుకుంది. పక్కన బస్సు చక్రానికి ఆనుకుని నిలబడ్డ మొగుడి మొహం వెలిగిపోయింది. "ఊ" అన్నాడు. ఆ "ఊ" మామూలు "ఊ" కాదు.

గదికి తిరిగొచ్చి ఇరుసుకు వేడికి కారని గ్రీజు రాసి, గొట్టాన్ని బండికి బిగించింది. కేబుళ్ళు మరీ బిగుతూ కాకుండా, మరీ వదులూ కాకుండా కట్టింది. తాళం తిప్పితే మోటారు "జీఁ" మంది, పసుపు దీపం ఆరిపోయింది. కుర్రాడి కొత్త సైలెన్సరు గొట్టం మూతికి రబ్బరు సుత్తి తాకించకుండానే చేత్తో నెట్టి, క్లాంపు బిగించి, స్ప్రింగులు తగిలించింది. ఎంత బాగా కుదిరిందంటే, చూసి మెచ్చుకోవడానికి పక్కన మనిషి లేడే అనిపించింది. నెలాఖరు రేపే. తాను చప్పుడు చేయలేదు కాబట్టి గది నిలుస్తుందనే ఆశ ఒక మూల ఉంది. పిల్ల ఏడుపు ఆగలేదు కాబట్టి మామ్మగారు మాట నిలబెట్టుకుంటారనే భయం మిగతా మూడు మూలల్లోనూ ఉంది.

కుర్రాడు వచ్చాడు. అక్క తాళం చేతిలో పెట్టి, "మూల దాటేదాకా తోసుకెళ్ళి అక్కడ స్టార్టు చేసుకో. సరేనా?" అని గుసగుసలాడి, చేతులు కడుక్కోవడానికి వెనక కుళాయి దగ్గరికి వెళ్ళింది. కుర్రాడు సరేనన్నాడు. వాడు సరేనన్నాడంటే ఏదో చేయబోతున్నాడని అక్కకు తెలియాల్సింది. అటు అక్క సబ్బు రుద్దుకోగానే ఇటు జేబులోంచి పానా తీశాడు, ఉన్న ఒక్క మరా విప్పాడు, లోపలి గొట్టం లాగి సంచిలో వేశాడు, అక్కడే, సరిగ్గా మామ్మగారి కిటికీ కింద, స్టార్టు చేసి ఫుల్లుగా రేజ్ ఇచ్చాడు.

పులి కాదు, పిడుగు. రేకుల చూరు గలగల్లాడింది. వేలాడుతున్న పాత సైలెన్సర్లన్నీ ఒకదాన్నొకటి కొట్టుకున్నాయి. అక్క సబ్బు చేతులతోనే పరుగెత్తుకొచ్చింది, తాళం లాగేసింది. ఇక నెల రోజుల పిప్పరమెంటు ఏమైపోయిందో ఏమో.

"ఓరి నీ దుంప తెగ! నీకు చెవులిచ్చింది కళ్ళజోడు తగిలించుకోవడానికా? ఏమని చెప్పాన్రా, ఏం చేశావురా? పైన పసిగుడ్డు ఉందిరా మొద్దూ! నీ పులి గాండ్రింపు వినడానికి ఊళ్ళో ఎవరు కాచుక్కూర్చున్నారని? జెరాక్సు తీసీ తీసీ బుర్ర కూడా తెల్లకాగితమైపోయిందా? నీకీ బండి అమ్మినవాణ్ణి అనాలి, కొంటుంటే చూస్తూ ఊరుకున్న మీ వాళ్ళననాలి! నా గది పోయిందిరా! తాతగారు నన్ను నమ్మి ఇచ్చిన గదిరా ఇది, ఒక్క నిమిషంలో ఊడగొట్టావు కదరా!"

చివరి మాట దగ్గర ఊపిరి తీసుకోవడానికి ఆగింది. ఆగాక తెలిసింది, వీధంతా నిశ్శబ్దంగా ఉందని. పైన ఏడుపు లేదు. పొద్దుట్నుంచీ ఏడుస్తున్న పిల్ల ఊరుకుంది. జడుసుకుని గాని ఏమన్నా అయిందా? అక్క తల ఎత్తి కిటికీ వంక చూసింది. మెట్ల మీద మామ్మగారి చెప్పుల చప్పుడు వినబడింది. వెనకే కోడలు, భుజం మీద పిల్ల. పిల్ల కళ్ళు ఇంతింత చేసుకుని చూస్తోంది. చుక్క నీరు లేదు.

అక్క రెండు చేతులూ జోడించి, గుసగుసలోకి దిగిపోయింది. "తప్పయిపోయింది మామ్మగారూ, రేపే ఖాళీ..."

పిల్ల మూతి వంకర తిరిగింది. కయ్యిమంది.

"బండి చప్పుడుకే ఆగినట్టుందండీ!" అన్నాడు కుర్రాడు, తన పులి ఎవరికో ఒకరికి నచ్చిందన్న సంబరంతో. అక్క చేతిలో తాళం లాక్కుని మళ్ళీ స్టార్టు చేశాడు. పిల్ల గుక్కపట్టి ఏడ్చింది. మామ్మగారు వాడి వంక చూసిన చూపుకు బండి దానంతటదే ఆగిపోయిందేమో అనిపించింది.

కోడలు పిల్లను జోకొడుతూ, నవ్వు ఆపుకోలేక అంది. "బండి కాదత్తయ్యా. అక్క గొంతు. నేను ఆ మలుపులో కూర్చుని నెలల తరబడి విన్నాను కదా, ఇదీ నాతో పాటే వింది. ఇంటికొచ్చాక ఎక్కడా వినబడకపోయేసరికి వెతుక్కుంటోంది పిచ్చిది."

మామ్మగారు కోడల్నీ పిల్లనూ మార్చి మార్చి చూశారు. జీవితమంతా పదిమంది నోళ్ళు మూయించిన మనిషి. చివరికి అక్క వైపు తిరిగారు.

"ఏమే. తిట్టు."

"ఎవర్నండీ?"

"ఎవర్నో ఒకర్ని. చంటిది ఏడుస్తుంటే ఇప్పుడు వెతుక్కుంటావేంటి? నన్నే తిట్టు. నీ నోరు మూయించింది నేనేగా."

అక్క నోరు తెరిచింది. మాట రాలేదు. నోరు మూయమన్నవాళ్ళే గాని, తెరవమని అడిగినవాళ్ళు ఇంతవరకూ ఒక్కరు లేరు, ఆ మొగుడు తప్ప. పిల్ల ఏడుస్తోంది. కోడలు చూస్తోంది. కుర్రాడైతే తనను తిట్టడం లేదని కాస్త నొచ్చుకున్నట్టు కూడా కనబడ్డాడు.

"మామ్మగారూ..." అంది అక్క, కళ్ళు తుడుచుకుంటూ, మెల్లగా. "మీకసలు... బుద్ధుందా అండీ?"

పిల్ల ఒక్క క్షణం ఆగి చెవి ఒగ్గింది.

అంతే, అక్కకు దారి దొరికింది. "ఆకురాయంటారా? నూనె వాసనంటారా? మీరు చదివిన పుస్తకాల్లో ఒక్కదాంట్లోనూ పిల్ల ఎందుకేడుస్తుందో రాయలేదా? పిప్పరమెంట్లు తినీ తినీ నా పళ్ళు పుచ్చిపోయాయండీ! మా ఆయనకు అన్నం సయించట్లేదండీ! నా చేతిలో బోల్టు తెగిందండీ, బోల్టు! ఎవరికి చెప్పుకోను?" మామ్మగారి వేలు అలవాటు కొద్దీ పెదవి దాకా వెళ్ళింది. అక్కడ కాసేపు ఆగి, మనవరాలి మొహం చూసి, మళ్ళీ కిందికి వచ్చింది. తల వంచుకుని పడ్డారు, మహా ఇల్లాలు. అంతలో కొలత టేపు పట్టుకుని ఇస్త్రీ ఆయన గుమ్మంలోకి వచ్చాడు, కిటికీ ఒకటి కొలవడం మర్చిపోయాట్ట. ఆయనకీ పడింది, ఆయన టేపుకీ పడింది. కుర్రాడి సంచిలోని గొట్టం తిరిగి సైలెన్సర్లోకి వెళ్ళిపోయింది, ఎవరూ చెప్పకుండానే.

అందరినీ ఒక చుట్టు చుట్టి, అక్క కోడలి దగ్గరికి నడిచింది. సబ్బు ఆరిన వేలితో పిల్ల బుగ్గ తాకింది. గొంతు మెత్తబడింది. "ఇంక చాల్లే, పడుకో తల్లీ" అంది. పిల్ల రెప్పలు ఒకసారి ఎత్తింది, దించింది, మళ్ళీ ఎత్తలేదు.

ఇస్త్రీ ఆయన టేపును చప్పుడు కాకుండా చుట్టుకుని, వచ్చిన దారినే వెళ్ళిపోయాడు. కోడలు ఒక్కో మెట్టూ ఎక్కి లోపలికి వెళ్ళింది. మామ్మగారు రెండు మెట్లు ఎక్కి, ఆగి, వెనక్కి తిరిగి, అక్క చెవి దగ్గరికి వంగి గుసగుసగా అడిగారు.

"రేపు కొట్టు ఎన్నింటికి తీస్తావే?"